చెవి చెప్పిన అబద్ధం

1999 జులై 16, శుక్రవారం. న్యూజెర్సీలోని ఎసెక్స్ కౌంటీ ఎయిర్‌పోర్టు.

పొద్దు గుంకుతోంది. ఉక్కపోత. గాలి అంతంతమాత్రం. మబ్బు లేదు, వాన లేదు. కానీ ఊరి మీద పలచటి బూడిదరంగు మసక పట్టుకుని ఉంది. వేసవి సాయంత్రాల్లో పెద్ద నగరాల మీద తేమా పొగా కలిసి కట్టే తెర అది. తలెత్తితే ఆకాశం ఉన్నట్టే ఉంటుంది. ఎదురుగా చూస్తే మాత్రం నాలుగు మైళ్ల అవతల ఏదీ ఆనదు.

ఆ మసకను ఒక పైలట్ చూశాడు. అతను మార్తాస్ విన్‌యార్డ్ దీవికి వెళ్లాలి. చూపు సరిగా ఆనడం లేదు. తోడు రమ్మంటే స్నేహితులు రాలేదు. ఇవాళ వెళ్తే అక్కడ హోటల్ గది ఖర్చొకటి. ఇవన్నీ లెక్కేసుకుని, శనివారం వెళ్దాంలే అనుకున్నాడు. అంతే. ఆ రాత్రి అతని విమానం నేల వదల్లేదు.

అదే ఎయిర్‌పోర్టులో, అదే దీవికి వెళ్లాల్సిన ఇంకో పైలట్ ఉన్నాడు.

అతను ట్రాఫిక్‌లో చిక్కుకుని ఆలస్యంగా వచ్చాడు. పగటి వెలుతురు ఉండగానే బయలుదేరాలని అనుకున్నాడు, కుదరలేదు. ఎడమ చీలమండ విరిగి ఆరు వారాలైంది. కాలికున్న బూటులాంటి కట్టు ముందురోజే విప్పారు. తెల్లారితే పెళ్లి. చిన్నాన్న కూతురిది, మన వరసల్లో చెప్పాలంటే చెల్లెలి పెళ్లి. వెంట భార్య కేరొలిన్, ఆమె అక్క లారెన్. వదినగారిని మార్తాస్ విన్‌యార్డ్‌లో దింపి, అక్కణ్నుంచి పెళ్లివారి ఊరు హయానిస్‌కి వెళ్లాలి.

ఆ రోజే అతని ఇన్‌స్ట్రక్టర్లలో ఒకరు అడిగారు, నేనూ రానా అని.

ఒక్కడినే చేస్తానన్నాడు అతను.

రాత్రి 8:34. ఇంజన్ నడుస్తోంది. ఆరు సీట్ల పైపర్ సరటోగా విమానం రన్‌వే దారి పట్టింది. దగ్గర్లోని టెటర్‌బరో ఎయిర్‌పోర్టు వైపు వెళ్తున్నారా అని టవర్ అడిగింది. కాదు సార్, దానికి కాస్త ఉత్తరంగా, తూర్పుకి అని జవాబు వచ్చింది. 8:38కి టేకాఫ్ అనుమతి. రన్‌వే వదిలాక రేడియోలో ఇంకొక్క ముక్క మాట్లాడాడు.

ఆ గొంతు మళ్లీ ఎవరికీ వినబడలేదు.

కాసేపటికే, వెస్ట్‌చెస్టర్‌లో దిగబోతున్న అమెరికన్ ఎయిర్‌లైన్స్ విమానానికి ఈ చిన్న విమానం దగ్గరగా వచ్చింది. పెద్ద విమానం సిబ్బంది కంట్రోలర్‌ని అడిగారు. అదెవరో కంట్రోలర్‌కీ తెలీదు, అది ఎవరితోనూ మాట్లాడటం లేదు. మాట్లాడి తీరాలన్న రూలూ లేదు. ప్రయాణ పథకం దాఖలు చేయలేదు, చేయాలన్న రూలూ లేదు. కళ్లతో బయటికి చూసుకుంటూ ఎగరడానికి ఆ రాత్రి వాతావరణం చట్టప్రకారం సరిపోతుంది. సాయంత్రం ఆరున్నరకి ఇంటర్నెట్‌లో వాతావరణం చూసుకున్నాడు కూడా. కాగితం మీద తప్పు పట్టడానికి ఏమీ లేదు.

విమానం 5,500 అడుగులకి ఎక్కింది. కనెక్టికట్ తీరం వెంబడి తూర్పుకి సాగింది. తీరమంటే ఊళ్లు, వీధి దీపాలు, రోడ్ల మీద కార్ల వెలుగులు. ఆ చుక్కల బారే నేల ఎక్కడుందో, ఆకాశం ఎక్కడ మొదలవుతుందో, రెక్కలు సమంగా ఉన్నాయో లేదో పైలట్‌కి మాట్లాడకుండా చెబుతూ ఉంటుంది, అది చెబుతున్న సంగతి అతనికి తెలియను కూడా తెలియదు.

ఆ చుక్కలు రోడ్ ఐలండ్ దగ్గర అయిపోతాయి.

* * *

అక్కడ కాసేపు ఆగుదాం. ఒక కుర్చీ దగ్గరికి వెళ్దాం.

పైలట్లకి శిక్షణ ఇచ్చే చాలాచోట్ల ఉంటుందది. మంగలి షాపు కుర్చీలా గిరగిరా తిరుగుతుంది. పేరు బరానీ కుర్చీ. చెవి లోపలి యంత్రాంగం మీద చేసిన పరిశోధనకి 1914లో నోబెల్ అందుకున్న రాబర్ట్ బరానీ పేరు అది. ఓ కుర్రాణ్ని అందులో కూర్చోబెడతారు. కళ్లకి గంతలు కడతారు. రెండు పిడికిళ్లూ బిగించి బొటనవేళ్లు నిలబెట్టమంటారు. ఎటు తిరుగుతున్నావనిపిస్తే అటు వేళ్లు వంచు, ఆగిపోయావనిపిస్తే నిటారుగా పెట్టు. అంతే పరీక్ష.

కుర్చీ కుడివైపు తిరగడం మొదలవుతుంది. వేళ్లు కుడికి వంగుతాయి. బాగానే ఉంది. అదే వేగంతో తిప్పుతూనే ఉంటారు. పది సెకన్లు. పదిహేను. ఇరవై. కుర్రాడి వేళ్లు మెల్లగా లేస్తాయి. నిటారుగా నిలబడతాయి. ఆగిపోయానంటాడు. గదిలో ఉన్నవాళ్లంతా చూస్తున్నారు, కుర్చీ గిర్రున తిరుగుతూనే ఉంది.

ఇప్పుడు కుర్చీని నిజంగా ఆపుతారు. వేళ్లు టక్కున ఎడమకి వంగుతాయి. ఎడమకి బొంగరంలా తిరుగుతున్నానని ఒట్టేసి చెబుతాడు. గంతలు విప్పుతారు. ఎదురుగా కదలని గోడ. కుర్రాడి మొహంలో నవ్వు మాయమవుతుంది.

చెవి లోపల సన్నటి అర్ధవలయం గొట్టాలు మూడు ఉంటాయి. వాటిలో ద్రవం. బిందెడు నీళ్లని చేత్తో తిప్పి చూడండి. బిందె తిరుగుతుంది, నీళ్లు వెంటనే తిరగవు. ఆ తేడానే తిరుగుతున్నావు అని చెవి చదువుతుంది. కాసేపటికి నీళ్లూ బిందె వేగాన్ని అందుకుంటాయి. తేడా పోయింది, కాబట్టి తిరగడం లేదంటుంది చెవి. బిందెని ఆపితే లోపల నీళ్లు తిరుగుతూనే ఉంటాయి. ఈసారి ఉల్టా తిరుగుతున్నావని కేక పెడుతుంది. నెమ్మదిగా మొదలైన వంపునైతే అసలు పసిగట్టదు. నేల మీద నడిచే మనిషికి కళ్లు ఎప్పటికప్పుడు ఈ లెక్క సరిచేస్తుంటాయి కాబట్టి చెవి ఆడే అబద్ధం ఎప్పుడూ బయటపడదు.

కళ్లకి చూడ్డానికి ఏమీ లేనప్పుడు?

* * *

ఆ ప్రశ్నకి లెక్కతో సహా జవాబు దొరికింది 1954లో. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో.

చుట్టూ పొలాలు. మధ్యలో విశ్వవిద్యాలయం వాళ్ల సొంత విమానాశ్రయం. లెస్లీ బ్రయన్, జెస్సీ స్టోన్‌సైఫర్, కార్ల్ ఆరన్ అనే ముగ్గురు ఒక ప్రయోగం పెట్టారు. 20 మంది పైలట్లని పోగేశారు. కొత్తవాళ్లున్నారు, వందల గంటలు ఎగిరినవాళ్లున్నారు. ఒక్కటే షరతు: బయటికి చూడకుండా, డయళ్లు చూసుకుంటూ ఎగిరే విద్య వీళ్లలో ఎవరికీ రాకూడదు.

ఒక్కొక్కరినే బొనాంజా విమానంలో పైకి తీసుకెళ్లారు. పక్కన ఇన్‌స్ట్రక్టర్. నిలకడగా, సమంగా ఎగురుతున్న విమానం. అప్పుడు బయటి ప్రపంచం కనబడకుండా చేశారు, మబ్బులోకి దూరినట్టే. గడియారం మొదలైంది.

మొదట ఏమీ జరగదు. ఇంజన్ మోత అలాగే ఉంటుంది. ఒళ్లు కదిలినట్టు ఉండదు. ఒక రెక్క రవ్వంత కిందికి వాలుతుంది, అంత నెమ్మదిగా వాలుతుంది గనక చెవికి తెలీదు. బస్సు మలుపు తిరిగితే ఒళ్లు పక్కకి ఒరుగుతుంది కదా, చక్కగా మలుపు తిరుగుతున్న విమానంలో అలా ఒరగదు; గ్లాసులో నీళ్లు పెట్టినా తొణకవు; మనిషికి తను తిన్నగా వెళ్తున్నట్టే ఉంటుంది. వాలిన విమానం ముక్కు దించుతుంది. వేగం పెరుగుతుంది. గాలి హోరు మారుతుంది. ఎత్తు తగ్గుతోందని డయల్ చూసి పైలట్ గాబరాపడి వీల్‌ని తన వైపు లాగుతాడు, పైకి లేవాలని. రెక్కలు సమంగా ఉంటే లేచేదే. వాలిన రెక్కలతో లాగితే మలుపు ఇంకా బిగుస్తుంది, వేగం ఇంకా పెరుగుతుంది. ఇంకా లాగుతాడు. ఇంకా బిగుస్తుంది.

పైలట్ల భాషలో దీని పేరు గ్రేవ్‌యార్డ్ స్పైరల్. నేరుగా శ్మశానంలోకి దిగే సుడి.

20 మందిలో 19 మంది ఆ సుడిలోకే వెళ్లారు. మిగిలిన ఒక్కడు ముక్కు మరీ పైకెత్తి, గాలిలో పట్టు కోల్పోయాడు. ఒక్కరంటే ఒక్కరు కూడా గట్టెక్కలేదు. పక్కనున్న ఇన్‌స్ట్రక్టర్ వీల్ అందుకున్నాడు కాబట్టి 20 మందీ ఇంటికెళ్లి అన్నం తిన్నారు. అందరికన్నా ముందు అదుపు తప్పినవాడికి పట్టిన సమయం 20 సెకన్లు. అందరికన్నా ఎక్కువసేపు నిలబడ్డవాడు 480 సెకన్లు. సగటు తీశారు.

178 సెకన్లు. మూడు నిమిషాలు కూడా కాదు.

ఆ అంకె పైలట్ల చెవుల్లో గింగురుమంటూనే ఉంది. మబ్బు గురించి పాఠం చెప్పే ఇన్‌స్ట్రక్టర్ నోట ఎప్పుడో ఒకప్పుడు రాక మానదు. కానీ ఆ ముగ్గురూ అసలు కట్టింది భయపెట్టే అంకె కాదు. దాని తర్వాతి భాగం ఎక్కువమందికి తెలీదు. తెలియాలి.

అదే 20 మందికి ఒక చిన్న విద్య నేర్పారు. మబ్బులో ఇరుక్కుంటే ఏం చేయాలి? చక్రాలు దించు. ఇంజన్ తగ్గించు. విమానం తనంతట తాను నిలకడగా ఉండేట్టు ట్రిమ్ చక్రం సర్దు. ఇప్పుడు వీల్ మీంచి చేతులు తీసెయ్. అవును, తీసెయ్. కాలితో రడ్డర్ పెడల్ సుతారంగా నొక్కుతూ వచ్చిన దారికి మళ్లు. అంటే, ప్రాణం మీదికొచ్చినప్పుడు గట్టిగా పట్టుకోవాలనే చేతులకి వదిలేయడం నేర్పారు. తర్వాత మళ్లీ పరీక్షలు పెట్టారు. 60 పరీక్షల్లో 59 సార్లు బయటపడ్డారు.

ఆ 20 మందినీ ముంచింది ధైర్యం లేకపోవడం కాదు, తెలివి లేకపోవడమూ కాదు. ఒళ్లు చెప్పింది నమ్మారు. గట్టెక్కించింది ఒళ్లు చెప్పింది నమ్మొద్దని చేతులకీ కాళ్లకీ నేర్పిన పాఠం. నోటితో చెబితే రాదది. విమానంలో, కళ్లు కప్పి, చేయిస్తేనే వస్తుంది.

మరి ఆ పాఠం సగం నేర్చుకున్నవాడి సంగతేమిటి?

* * *

రాత్రి 9:30 దాటింది. రోడ్ ఐలండ్.

పాయింట్ జూడిత్ అనే తీరపు కొన దాటాక రెండు దారులు. తీరం వెంబడి చుట్టూ తిరిగి వెళ్లొచ్చు, దీపాలు తోడుంటాయి. లేదా తిన్నగా నీళ్ల మీదుగా కోసుకుపోవచ్చు. ముప్పై మైళ్ల సముద్రం. రాడార్ మీద చుక్క తిన్నగా వెళ్లింది.

కింద చీకటి. పైన చీకటి. మధ్యలో మసక. అమావాస్య వెళ్లి నాలుగు రోజులే, సన్నటి నెలవంక పడమట కిందికి దిగిపోయి ఉంది, విమానం వెళ్తున్నది తూర్పుకి. నీళ్ల మీద ఓడ దీపమేదైనా ఉన్నా, అది దీపమో చుక్కో తేల్చేది లేదు. ఆకాశానికీ సముద్రానికీ మధ్య ఉండాల్సిన గీత చెరిగిపోయింది.

ఇది ఊహ కాదు. ఆ రాత్రే, ఆ చుట్టుపక్కలే మరో పైలట్ టెటర్‌బరో నుంచి నాంటకెట్ దీవికి వెళ్తున్నాడు. అతనికీ వాతావరణం బాగుందనే చెప్పారు. మార్తాస్ విన్‌యార్డ్ దగ్గరికొచ్చేసరికి దిగంతం లేదు, వెలుతురు లేదు. దీవి కనబడుతుందేమోనని విమానాన్ని అటు తిప్పి మరీ వెతికాడు. దీపమన్నది లేదు. ఊరికి ఊరే కరెంటు పోయిందేమో అనుకున్నాడు. తర్వాత దర్యాప్తు అధికారులకి అదే చెప్పాడు.

కరెంటు పోలేదు. ఇళ్లల్లో దీపాలు వెలుగుతూనే ఉన్నాయి.

పైపర్ విమానంలో ఉన్న మనిషి ఎవరో చెప్పాల్సిన సమయమిది. జాన్ ఎఫ్. కెనడీ జూనియర్. వయసు 38. హత్యకు గురైన అమెరికా అధ్యక్షుడి కొడుకు. 1963 నవంబరు 25న, తన మూడో పుట్టినరోజు నాడు, తండ్రి శవపేటికకి చిట్టి చేత్తో సెల్యూట్ చేసి లోకాన్ని ఏడిపించిన పసివాడు. పైలట్ లైసెన్సు వచ్చి పదిహేను నెలలైంది. మొత్తం అనుభవం సుమారు 310 గంటలు. డయళ్లు చూసి ఎగిరే ఇన్‌స్ట్రుమెంట్ శిక్షణలో దాదాపు సగం పూర్తయింది. ఈ దారి కొత్త కాదు, ఆ పదిహేను నెలల్లో అటూ ఇటూ కలిపి ముప్పై అయిదు సార్లు వరకూ తిరిగాడు. అయితే ఈ విమానంలో ఎగిరిన సుమారు 36 గంటల్లో, పక్కన ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఎగిరింది మూడు గంటలు. అందులో రాత్రిపూట ఎగిరింది గంట కూడా లేదు.

విమానంలో ఆటోపైలట్ ఉంది. ఎదురుగా అరచేయంత గుండ్రటి డయల్ ఉంది, ఆటిట్యూడ్ ఇండికేటర్. అందులో ఆకాశానికొక సగం, నేలకొక సగం, మధ్యలో గీత. బయట చెరిగిపోయిన గీత ఆ గాజు వెనక చెక్కుచెదరకుండా ఉంటుంది. ఎవరు ఏ అబద్ధం చెప్పినా అది నిజమే చెబుతుంది, దాన్ని నమ్మితే చాలు.

దీవికి ఇంకా 34 మైళ్లుందనగా కిందికి దిగడం మొదలైంది. నిలకడగా, పద్ధతిగా.

9:38. విమానం కుడికి తిరిగింది, దక్షిణం వైపు. ఎందుకో ఎవరికీ తెలీదు. అర నిమిషానికి 2,200 అడుగుల దగ్గర దిగడం ఆగింది. మళ్లీ ఎక్కడం మొదలైంది. 2,500 అడుగుల దగ్గర సర్దుకుంది. దాదాపు నిమిషం పాటు ఆగ్నేయంగా, తిన్నగా.

9:39:50. ఎడమకి తిరిగింది. వంద అడుగులు ఎక్కింది. మలుపులోనే దిగడం మొదలుపెట్టింది. తూర్పు ముఖానికి వచ్చి మలుపు ఆగింది. దిగడం ఆగలేదు.

కుర్చీలో కూర్చున్న కుర్రాడి బొటనవేళ్లు గుర్తున్నాయా?

9:40:15. కుడికి. ఈసారి మలుపు బిగుస్తోంది. బిగుస్తున్న కొద్దీ వేగం పెరుగుతోంది, వేగంతో పాటు పతనం పెరుగుతోంది, నిమిషానికి తొమ్మిది వందల అడుగులున్నది వేలల్లోకి వెళ్లి 4,700 దాటింది, లోపల ముగ్గురున్నారు, బయట ఒక్క దీపం లేదు, తిన్నగా వెళ్తున్నావని చెవి చెప్పిందో ఎడమకి వాలిపోతున్నావని చెప్పిందో అది ఆ ఒక్కడికే తెలియాలి.

9:40:34. ఎత్తు 1,100 అడుగులు.

రాడార్ మీద ఆ తర్వాత చుక్క లేదు.

తొలి మలుపు నుంచి చివరి చుక్క దాకా లెక్కేస్తే సుమారు రెండున్నర నిమిషాలు.

* * *

మార్తాస్ విన్‌యార్డ్‌లో ఎదురుచూస్తున్నవాళ్లు గడియారం చూసుకున్నారు. ఆలస్యం అనుకున్నారు. హయానిస్‌లో పెళ్లింట దీపాలు ఆరలేదు. అర్ధరాత్రి దాటాక ఫోన్ కోస్ట్ గార్డ్‌కి వెళ్లింది. తెల్లారింది. విమానాలు, పడవలు, హెలికాప్టర్లు. పెళ్లి వాయిదా పడింది. ఒడ్డుకి సామాన్లు కొట్టుకొచ్చాయి.

ఎదురుచూపంటే ఏమిటో మన వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 2009 సెప్టెంబరు 2న బేగంపేట నుంచి ముఖ్యమంత్రితో లేచిన హెలికాప్టర్ నల్లమలలో మాయమైతే రాత్రంతా టీవీల ముందు కూర్చున్న రాష్ట్రం మనది. కారణాలు వేరు, నడిపినవాళ్లు వేరు. ఆ రాత్రి నిశ్శబ్దం మాత్రం ఒకటే.

అయిదో రోజుకి, గే హెడ్ అనే కొండచరియకి ఏడున్నర మైళ్ల దూరంలో, సుమారు 120 అడుగుల లోతున విమానం దొరికింది. జులై 21న నేవీ గజ ఈతగాళ్లు ముగ్గురినీ పైకి తెచ్చారు. కేరొలిన్‌కి 33. లారెన్‌కి 34. మర్నాడు ముగ్గురి చితాభస్మాన్నీ అదే సముద్రంలో కలిపారు.

దర్యాప్తు ఏడాది పట్టింది. ఇంజన్ విప్పారు, డయళ్లు విప్పారు, ముక్క ముక్కా పరీక్షించారు. చెడిపోయినదేదీ దొరకలేదు. 2000 జులైలో నేషనల్ ట్రాన్స్‌పోర్టేషన్ సేఫ్టీ బోర్డు కారణం చెప్పింది: రాత్రిపూట నీళ్ల మీద దిగుతూ పైలట్ విమానాన్ని అదుపులో ఉంచలేకపోయాడు, తను ఎటున్నాడో తెలియని భ్రమే అందుకు కారణం. తోడైనవి మసకా, చీకటీ.

తెలివితక్కువవాడు కాదు అతను. మొండివాడనీ అనను. ఒక ఇన్‌స్ట్రక్టర్ దర్యాప్తులో చెప్పిన మాట అందరూ వినదగ్గది: దిగంతం కనబడకపోయినా ఇతను ఎగరగలడు, కానీ దాంతో పాటు ఇంకో పని నెత్తిన పడితే ఇబ్బందే. సగం చదువు అంటే అదే. పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉన్నంతసేపూ అది పూర్తి చదువులాగే కనబడుతుంది.

అందుకే ఇవాళ మంచి ఇన్‌స్ట్రక్టర్లు ఈ రాత్రి కథని 9:38 దగ్గర మొదలుపెట్టరు. 8:38కి ముందు మొదలుపెడతారు. బోర్డు మీద ఆ సాయంత్రాన్ని రాస్తారు: విరిగిన కాలు, ట్రాఫిక్, పోయిన వెలుతురు, మసక, ఎదురుచూసే చుట్టాలు, వద్దన్న తోడు. ఇందులో ఏ ఒక్కటీ చట్టవిరుద్ధం కాదు. ఏ ఒక్కటీ మనిషిని చంపదు. ఇన్ని కలిసినప్పుడు ఎక్కడ ఆగేవాడివి, వేలు పెట్టి చూపించు అంటారు విద్యార్థితో. చేరి తీరాలన్న తపనకి అమెరికా పైలట్లు రోగం పేరే పెట్టారు, గెట్-దేర్-ఐటిస్ అని. మబ్బు కన్నా ముందు పట్టుకునేది అదే.

అమెరికాలో ప్రైవేటు పైలట్ లైసెన్సుకి కనీసం 40 గంటలు ఎగరాలి. అందులో డయళ్లు మాత్రమే చూసి ఎగరాల్సినవి 3 గంటలు. రాత్రి శిక్షణ మరో 3 గంటలు. ఆ కార్డు చేతికొస్తే రాత్రిపూట కూడా చుట్టాలని ఎక్కించుకుని సముద్రం మీదికి వెళ్లొచ్చు. మన దేశంలో అలా కుదరదు. పొద్దు గుంకాక కళ్ల చూపు మీద ఆధారపడి ఊరి నుంచి ఊరికి ఎగరనివ్వరు, ఫ్లయింగ్ క్లబ్బుల స్థానిక శిక్షణకి కంట్రోలర్ ఒప్పుకుంటే తప్ప. ఆ కట్టడి లేని దేశాలకి మన తెలుగు పిల్లలు శిక్షణకి వెళ్తున్నారు. అక్కడ ఆపాల్సింది రూలు కాదు, వాళ్ల మనసే.

ఆ ఎయిర్‌పోర్టులో ఇంకో పైలట్ ఉన్నాడన్నాం కదా. మసక చూసి, హోటల్ ఖర్చు చూసి, శనివారానికి వాయిదా వేసుకున్నవాడు. అతను ఏ సాహసమూ చేయలేదు. స్నేహితులు వచ్చి ఉంటే, పెళ్లివాళ్లు ఎదురుచూస్తుంటే ఏం చేసేవాడో కూడా చెప్పలేం.

మీ ఇంట్లో, మీ బంధువుల్లో పైలట్ శిక్షణకి వెళ్లిన అమ్మాయో అబ్బాయో ఉండొచ్చు. ఏదో ఒక పండక్కి, ఏదో ఒక పెళ్లికి, ముహూర్తం దగ్గరపడ్డాక ఆ పిల్ల ఫోన్ చేసి, వాతావరణం బాలేదు, ఇవాళ రాను అనొచ్చు. అప్పుడు అందరూ వచ్చేశారమ్మా, నీ కోసమే చూస్తున్నాం అనకండి. ఎందుకని అడగకండి. సరే తల్లీ, రేపు రా అనండి.